గ్రీకు ‘ఒకటి’: హేస్, మియ, హెన్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రీకు అంకెలు నేర్చుకునే తెలుగువాళ్ళకి రెండు, మూడు దగ్గర ఇబ్బంది ఉండదు. దుఒ, త్రేస్ అనగానే ద్వి, త్రి గుర్తొస్తాయి. ఏడు ‘హెప్త’ అంటే సప్త, పది ‘దెక’ అంటే దశ. తికమకంతా మొదటి అంకెతోనే. అది మనకు తెలిసిన ఏ మాటనీ గుర్తుకు తేదు. పైగా ఒక్క మాట అడిగితే మూడు మాటలు చేతిలో పెడతారు. ఈ అంకె గురించి నన్ను పదే పదే అడిగే ప్రశ్నల్ని ఇక్కడ ఒకచోట చేర్చాను. గ్రీకు మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. ఎ వేరు, ఏ వేరు, ఒ వేరు, ఓ వేరు అని చూపగలిగే మన లిపి ఈ పనికి దేవనాగరి కన్నా బాగా అక్కరకొస్తుంది.

అసలు గ్రీకులో ఒకటిని ఏమంటారు?

ఏ కాలపు గ్రీకు అన్నదాన్ని బట్టి ఉంటుంది. క్రీ.పూ. 5, 4 శతాబ్దాల ఏథెన్సులో పుంలింగానికి హేస్, స్త్రీలింగానికి మియ, నపుంసకానికి హెన్. ఇవాళ్టి గ్రీసులో, సైప్రస్‌లో ఎనస్, మియ, ఎన. ఊరికే వేళ్ళ మీద లెక్కపెట్టేటప్పుడు నపుంసక రూపమే వాడతారు: ఎన, దియొ, త్రియ. మనం ‘ఒకటి’ అనడం లాంటిదే.

ఒక్క అంకెకి మూడు రూపాలు ఎందుకు?

ఈ ప్రశ్న హిందీవాళ్ళు అడిగితే అర్థముంది కానీ మనం అడగకూడదు. మనకి ఒకడు, ఒకతె, ఒకటి లేవూ? మర్యాదకి ‘ఒకరు’ కూడా ఉంది. తేడా ఎక్కడంటే, మన లింగభేదం ఆ మాట విడిగా నిలబడ్డప్పుడే బయటపడుతుంది. నామవాచకం ముందు చేరితే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఒక బల్ల, అన్నిటికీ ‘ఒక’తో సరిపోతుంది. గ్రీకులో అలా కుదరదు. పక్కన నామవాచకం ఉన్నా లింగం మారాల్సిందే, ఆ లింగం కూడా మనలా అర్థాన్ని బట్టి రాదు. ప్రాచీన గ్రీకులో చెయ్యి స్త్రీలింగం, పాదం పుంలింగం, మోకాలు నపుంసకం. అందుకని ఒక చెయ్యి ‘మియ ఖేర్’, ఒక పాదం ‘హేస్ పూస్’, ఒక మోకాలు ‘హెన్ గొను’. మన ఒంటిమీద ఉన్న అవయవాలే మూడు లింగాలుగా విడిపోయాయన్నమాట.

సంస్కృతం చదివినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. ఏకః, ఏకా, ఏకమ్ అనీ, త్రయః, తిస్రః, త్రీణి అనీ నాలుగు దాకా లింగం పాటించడం అక్కడా ఉంది. గ్రీకులో కూడా ఒకటి నుంచి నాలుగు దాకానే విభక్తులు చేరతాయి. ఐదు నుంచి వంద దాకా కదలవు, మళ్ళీ రెండొందల నుంచి కదులుతాయి.

‘హేస్’ని ఎలా పలకాలి? హెయిస్ అనాలా, హైస్ అనాలా?

రెండూ కాదు. రాతలో ఎప్సిలాన్, ఐయోటా, సిగ్మా అని మూడక్షరాలు కనబడతాయి కాబట్టి చాలామంది ‘హెయిస్’ అని చదివేస్తారు. ఏథెన్సు నోట ఆ జంట అక్షరం ఒట్టి దీర్ఘం. మనం ‘మేలు’ అనేటప్పుడు వచ్చే ఏ. ఈ మాటలో ఐయోటా ఎన్నడూ విడిగా పలికింది కాదు. పాత ఏథెన్సు శాసనాల్లో ఒక్క ఎప్సిలాన్‌తోనే దీన్ని చెక్కేవాళ్ళు. క్రీ.పూ. 403లో, యూక్లిడీస్ అనే ఆయన ఆర్కన్‌గా, అంటే ఆ ఏటి ప్రధానాధికారిగా ఉన్న ఏడాది (రేఖాగణితం యూక్లిడ్ ఈయన కాదు, ఆయన తర్వాతివాడు), ఏథెన్సు తన పాత లిపిని వదిలి, ఏజియన్ సముద్రానికి తూర్పు తీరాన ఉన్న గ్రీకుల సీమ అయోనియా లిపిని అధికారికంగా పుచ్చుకుంది. జంట అక్షరంతో రాయడం ఆ లిపితో స్థిరపడింది.

స్పార్టా వైపు గ్రీకులు మాట్లాడే డోరియన్ మాండలికంలో ఇదే మాటని నోరు ఇంకాస్త తెరిచి పలికేవాళ్ళు. ‘మేలు’, ‘మేక’ అని వరసగా పైకి అనండి. రాతలో రెండూ ‘మే’నే, నోట్లో మాత్రం ఒకటి కాదు. మేలులో ఏ ఏథెన్సుది, మేకలో ఏ డోరియన్లది.

స్వరం కూడా ఉంది. ఆ ఒక్క అచ్చులోనే గొంతు పైకి లేచి కిందికి దిగుతుంది. తర్వాతి శతాబ్దాల్లో ఈ ఏ మెల్లగా ఈ అయిపోయింది, ముందున్న హకారం రాలిపోయింది. క్రీస్తుశకం ముదిరే సరికి ‘ఈస్’ మిగిలింది. ఇవాళ గ్రీసులో ప్లేటోని చదివే పిల్లలైనా, చర్చిలో కొత్త నిబంధన చదివే ఫాదర్లైనా ‘ఈస్’ అనే అంటారు. ఏది సరైనదని అడిగితే, ప్లేటో కోసమైతే హేస్, ఇవాళ్టి గ్రీకుల మధ్య కూర్చుని చదవాలంటే ఈస్ అంటాను. ఒకే పేజీలో రెండూ కలిపి చదవకుండా ఉంటే చాలు.

హకారం పలకాలంటున్నారు, కానీ రాతలో దానికి అక్షరమే కనబడదేం?

ఒకప్పుడు ఉండేది. ఏథెన్సు పాత లిపిలో నిచ్చెన మెట్టులా ఉండే అక్షరం హకారానికే. అయోనియావాళ్ళు హకారం పలకరు. పనిలేకుండా పడున్న ఆ అక్షరాన్ని వాళ్ళు దీర్ఘ ఏకారానికి వాడుకున్నారు. ఏథెన్సు ఆ లిపిని తెచ్చుకునే సరికి నోట్లో హకారం ఉంది, చేతిలో దానికి అక్షరం పోయింది. తర్వాత అలెగ్జాండ్రియా పండితులు పాత అక్షరాన్ని నిలువునా రెండుగా చీల్చారు. ఎడమ సగం అచ్చు మీద పెడితే హకారం ఉన్నట్టు, కుడి సగం పెడితే లేనట్టు. ఆ సగం ముక్కలే అరిగి అరిగి ఇప్పుడు అచ్చు పుస్తకాల్లో కామాల్లా కనబడతాయి. 1982లో గ్రీసు ప్రభుత్వం వాటినీ తీసేసింది. అప్పటికి ఆ శబ్దం పోయి వందల ఏళ్ళయింది.

హకారం ఎగ్గొట్టే అయోనియావాళ్ళ అలవాటుకి మన దేశం పేరు కూడా బలైంది. సింధు పర్షియన్ల నోట హిందు అయింది, అయోనియన్ల నోట ఆ హకారం కూడా పోయి ఇందోస్ అయింది.

ఆ చిన్న గుర్తు చూడకపోతే వచ్చే నష్టం ఏమిటి?

అర్థమే మారిపోతుంది. హేస్ అంటే ఒకడు, ఏస్ అంటే ‘లోపలికి’. హెన్ అంటే ఒకటి, ఎన్ అంటే ‘లో’. రెండు జంటల్లోనూ అక్షరాలు అవే, తేడా అంతా ఆ నెత్తిమీది గుర్తుల్లోనే. నేను మొదట్లో ఒక వాక్యంలో ‘ఇంట్లో’ అన్నదాన్ని ‘ఒక ఇల్లు’ అని చదివి, క్రియ ఎక్కడుందో తెలీక అరగంట కొట్టుకున్నాను. హకారం పోయాక నోటి మాటలో రెండు జంటలూ ఒకటైపోయాయి. హేస్ రూపాన్ని జనం వదిలేసి ‘ఎనస్’కి వెళ్ళిపోవడానికి ఇదీ ఒక కారణమని నాకనిపిస్తుంది.

హేస్‌కీ మియకీ ఒక్క అక్షరం కూడా కలవదు. రెండూ ఒకే మాట ఎలా అవుతాయి?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. గ్రీకు, సంస్కృతం, లాటిన్ అన్నీ పుట్టిన మూలభాషలో ఈ మాట ‘సెమ్’. పుంలింగంలో చివర సకారం చేరి ‘సెమ్స్’. నపుంసకంలో ఏమీ చేరదు, ఒట్టి ‘సెమ్’. స్త్రీలింగంలో ధాతువులో అచ్చు జారిపోయి, వెనక ఈకారం చేరి ‘స్మీ’ లాంటి రూపం. ఇంతవరకు చుట్టరికం కనబడుతూనే ఉంది. చెదరగొట్టింది గ్రీకు ఉచ్చారణ.

మొదటిది, గ్రీకులో మాట మొదట్లో అచ్చు ముందున్న సకారం హకారమవుతుంది. సప్త అక్కడ హెప్త అయింది ఇలాగే. రెండోది, మాట చివర మకారం నిలవదు, నకారమవుతుంది. సంస్కృతం ‘యుగమ్’, లాటిన్ ‘యుగుమ్’, గ్రీకు మాత్రం ‘జుగొన్’. ఈ రెండు సూత్రాలతో సెమ్ కాస్తా హెన్ అయింది. మూడోది, నకారం మీద సకారం పడి నకారం మాయమైతే, ఆ లోటు తీర్చడానికి ముందున్న అచ్చు సాగుతుంది. సెమ్స్‌లో మకారం కూడా సకారం ముందు నకారమై హెన్స్ అయింది, ఆ హెన్స్ హేస్ అయింది.

ఇక మియ. మాట మొదట్లో ‘స్మ’ ఉంటే గ్రీకు సకారాన్ని మింగేస్తుంది. మనం స్మితం అనే చిరునవ్వుకి గ్రీకులో చుట్టం ‘మెయిదియఓ’, అంటే నవ్వుతాను. స్మితంలో సకారం ఎలా పోయిందో ‘స్మియ’లోనూ అలాగే పోయి మియ మిగిలింది. అంటే హేస్‌లో ధాతువుకి చెందిన మకారం పోయింది, మియలో సకారమూ అచ్చూ పోయాయి. ఒకే ఇంటి వాటాలు పంచుకున్న అన్నాచెల్లెళ్ళలా ఒకరి దగ్గరున్నది ఇంకొకరి దగ్గర లేదు.

హోమర్‌లో ఇంకో రూపం కూడా కనిపిస్తుంది, ‘ఇయ’. మకారం కూడా లేదు! ఇలియడ్ 6వ కాండలో ట్రాయ్ వీరుడు హెక్టర్ భార్య ఆంద్రొమఖె తన ఏడుగురు అన్నదమ్ములూ ఒక్కరోజే చనిపోయారని చెప్పే చోట ‘ఒక్క రోజున’ అనడానికి ‘ఇయోయ్’ అంటుంది.

ఇదంతా భాషావేత్తల ఊహేనా, ఎక్కడైనా ఆధారం ఉందా?

ఉంది, మట్టి పలక మీద. గ్రీసుకి నైరుతిన పైలోస్‌లో ఒక రాజభవనం సుమారు క్రీ.పూ. 1200లో తగలబడింది. ఆ మంటకి లెక్కల గుమాస్తాలు పచ్చిమట్టి మీద గీసుకున్న పద్దులు కాలి గట్టిపడ్డాయి. వాటి లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్ చదివాడు. పైలోస్‌లో తవ్వకాలు జరిపిన కార్ల్ బ్లేగన్ 1953లో ఆయనకు ఉత్తరం రాశాడు: మీ పద్ధతిలో చదివితే ఈ కొత్త పలక సరిగ్గా కుదురుతోంది అని. పలక మీద గిన్నెల జాబితా ఉంది. ప్రతి పద్దు పక్కన ఆ గిన్నె బొమ్మ, ఎన్నో చెప్పే గీత. మూడు కాళ్ళ గిన్నె బొమ్మ పక్కన ‘తిరిపొ’, నాలుగు పిడుల కుండ పక్కన నాలుగు అనే మాట, పిడి లేని దాని పక్కన లేదనే మాట. లిపిని సరిగ్గా చదివారా అన్న అనుమానం ఈ పలకతో చాలామందికి తీరింది.

ఆ జాబితాలోనే ఒక పద్దు: ‘తిరిపొ ఎమె పొదె ఓవోవె’. ఒక్క పాదంతో ఉన్న, ఒంటి పిడి గల ముక్కాలి గిన్నె. ఇందులో ‘ఎమె’ని చూడండి. ఆ లిపిలో హకారం రాయరు, కాబట్టి అది ‘హెమె’. తర్వాతి గ్రీకులో ఇక్కడ ‘హెని’ ఉంటుంది, నకారంతో. పైలోస్ గుమాస్తా మాత్రం మకారంతోనే రాశాడు. చివర్న మకారం నకారమై హెన్ వచ్చాక, ఆ నకారమే మిగతా విభక్తులకీ పాకిందన్నమాట. పలక మీద అది ఇంకా పాకలేదు. సెమ్‌లోని మకారాన్ని భాషావేత్తలు లెక్కకట్టి రాబట్టుకున్నారనుకుంటాం, దాన్ని మూడువేల ఏళ్ళ కిందట ఒక గుమాస్తా గిన్నెల పద్దులో రాసిపెట్టాడు.

సంస్కృతంలో ‘ఏక’కీ దీనికీ సంబంధం ఏమైనా ఉందా?

లేదు. ఏక వేరే మాట. దాని పాత రూపం ‘ఐక’. ఇప్పటి టర్కీలో ఒకప్పుడు రాజ్యమేలిన హిట్టైటుల రాజధానిలో దొరికిన, సుమారు క్రీ.పూ. 1400 నాటి గుర్రాల శిక్షణ గ్రంథంలో కిక్కులి అనే మితన్నీ రాజ్యపువాడు ఒక్క చుట్టు పరుగుని ‘ఐకవర్తన్న’ అన్నాడు. లాటిన్‌లో ‘ఊనుస్’, ఇంగ్లిష్‌లో ‘వన్’ ఈ ఐక వంశమే. మూలభాషలో రెండు మాటలుండేవి: ‘విడిగా ఒంటరిగా ఉన్నది’ అనడానికి ఒకటి, ‘అంతా కలిసి ఒక్కటి’ అనడానికి సెమ్. సంస్కృతం, లాటిన్ మొదటిదాన్ని అంకె చేసుకున్నాయి, గ్రీకు రెండోదాన్ని తీసుకుంది.

మొదటి మాట గ్రీకులో పూర్తిగా చావలేదు. ‘ఒయొస్’ అంటే ఒంటరి. పాచికల మీద ఒంటి చుక్క ముఖాన్ని ‘ఒయ్‌నే’ అనేవాళ్ళు. అంకె కుర్చీ పోయినా జూదం పలక మీద చోటు దక్కించుకుంది. ఇందాకటి పైలోస్ పద్దులో ‘ఓవోవె’ మొదట్లో ఉన్నది కూడా అదే, ఒంటి పిడి అనడంలో ‘ఒంటి’. అక్కడ ఒకే వరసలో రెండు ‘ఒకట్లూ’ పక్కపక్కన కూర్చున్నాయి.

అయితే మన భాషల్లో ‘సెమ్’ జాడే లేదా?

ఎందుకు లేదు, రోజూ అంటూనే ఉన్నాం. సహస్రంలో మొదటి ‘స’ అదే. సహస్రం అంటే స, హస్ర: ఒక వెయ్యి. మిగిలిన హస్రకి గ్రీకు చుట్టం ‘ఖిలియొయ్’, వెయ్యి అని. ఫ్రెంచివాళ్ళు 1790లలో కొలతలు పెట్టేటప్పుడు దాన్నే ‘కిలో’ చేశారు. కిలో ఉల్లిపాయలు తూయించుకుంటున్నప్పుడు సహస్రనామంలోంచి ‘స’ తీసేసి మిగిలినదాన్ని తూయించుకుంటున్నట్టే. ఈ మాట మా ఇంట్లో అంటే ఎవరూ నమ్మలేదు.

సకృత్ అంటే ఒకసారి, అందులో ‘స’ అదే. గ్రీకులో ఒకసారికి ‘హపక్స్’, దాని ‘హ’ కూడా అదే. వందకి సంస్కృతం ‘శతమ్’ అంటే గ్రీకు ‘హెకతొన్’ అంటుంది. ముందు తగిలించిన ఆ ‘హె’ ఒకటే, ఒక వంద అని. ఆ హెకతొన్‌ని కుదించి కొలతల్లోకి తెస్తే హెక్టారు వచ్చింది. పట్టాదారు పాస్‌పుస్తకంలో హెక్టారు కనబడితే మొదటి అక్షరం దగ్గర ఒక్క క్షణం ఆగండి.

సోదరుడు అంటే సమానమైన ఉదరం నుంచి వచ్చినవాడు. గ్రీకులో సోదరుడు ‘అదెల్‌ఫొస్’, ‘దెల్‌ఫుస్’ అంటే గర్భం, ముందున్న ‘అ’ మన ‘స’. సంస్కృతంలో సగర్భ్య అన్న మాట ఉంది, అదెల్‌ఫొస్‌తో అక్షరం అక్షరం సరిపోతుంది. ఇక సమ అనే మాటకి గ్రీకు తోబుట్టువు ‘హొమొస్’. హోమియోపతిలో ఉన్న హోమియో దీని పిల్ల. ఇంగ్లిష్ ‘సేమ్’ కూడా ఈ ఇంటిదే. మనవాళ్ళు సేమ్ టు సేమ్ అన్నా, సమానం అన్నా, పునాది ఒక్కటే.

తెలుగు ‘ఒకటి’కి గ్రీకుతో చుట్టరికం ఉందా?

లేదు. అది ద్రావిడం, తమిళం ‘ఒరు’, కన్నడం ‘ఒందు’ల పక్కన కూర్చుంటుంది. పాత తెలుగులో ‘ఒండు’ కూడా ఉండేది, ఒండొరులు అన్న మాటలో ఇంకా ఉంది. ఒయ్‌నేలో ఒ, ఒకటిలో ఒ ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపకండి.

ప్రాచీన గ్రీకులో దీనికి విభక్తి రూపాలేమిటి?

పుంలింగం ప్రథమలో హేస్, ద్వితీయలో హెన, షష్ఠిలో హెనొస్, చతుర్థిలో హెని. నపుంసకానికి ప్రథమ, ద్వితీయ రెండూ హెన్, మిగతావి పుంలింగానివే. స్త్రీలింగానికి మియ, మియన్, మియాస్, మియాయ్. బహువచనం లేదు, ఉండాల్సిన పనీ లేదు.

బట్టీ పట్టేటప్పుడు ఒకటి గమనించండి. హెన అన్నప్పుడు ఒత్తు మొదటి అచ్చు మీద, హెనొస్, హెని అన్నప్పుడు చివరి అచ్చు మీద. స్త్రీలింగంలోనూ మియలో ముందు, మియాస్‌లో చివర. వేదంలో పాదమ్ అన్నప్పుడు మొదట, పదః అన్నప్పుడు చివర ఉదాత్తం వస్తుంది కదా, ఆ ఊగులాటే ఇది. సాధారణంగా ఆకారాంత స్త్రీలింగాలకి గ్రీకులో ఈ ఊగులాట ఉండదు. మియ మాత్రం పాత అలవాటు వదల్లేదు.

‘ఎవడూ కాదు’ అనడానికి వాడే ఊదేస్ కూడా ఇందులోంచే వచ్చిందా?

అవును. ‘ఊదె’ అంటే కూడా కాదు, దాని మీద హేస్: ఒక్కడు కూడా కాదు. మన ‘ఒక్కడూ లేడు’లో ఒక్కడు మీద చేరిన ఊకారం చేసే పనే అక్కడ ఊదె చేస్తుంది. స్త్రీలింగం ఊదెమియ, నపుంసకం ఊదెన్. ఆజ్ఞల్లో, షరతుల్లో అయితే మేదేస్, మేదెమియ, మేదెన్.

క్రీ.పూ. 4వ శతాబ్దం నుంచి శాసనాల్లో ఊదేస్ బదులు ‘ఊథేస్’ అని కనబడుతుంది. ఊద్, హేస్ అని విడదీసి చూస్తే ద పక్కన హ పడింది, రెండూ కలిసి ఒత్తక్షరమైంది. స్త్రీలింగంలో మాత్రం ఊదెమియ ఎప్పట్లాగే ఉంది, థకారం రాలేదు. ఎందుకంటే మియలో హకారమే లేదు. హేస్‌లో హకారం నిజంగా నోట్లో పలికేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్షి నాకు కనబడలేదు.

ఒడిస్సీ 9వ కాండలో ఒంటికన్ను రాక్షసుడికి ఒడిస్సియస్ తన పేరు ‘ఎవడూ కాదు’ అని చెప్పి తప్పించుకునే ఘట్టంలో ఉన్నది ఈ మాట కాదు, ‘ఊతిస్’. దానికి హేస్‌తో సంబంధం లేదు. ఈ పొరపాటు చాలాసార్లు చూశాను.

ఊదెన్ ఇప్పుడు ఏమైంది?

నలిగి ‘దెన్’ అయింది. ఇవాళ్టి గ్రీకులో వాక్యానికి వ్యతిరేకార్థం తెచ్చేది ఇదే: ‘దెన్ క్సేరొ’ అంటే నాకు తెలీదు. ఈ ద అనేటప్పుడు నాలుక పళ్ళ మధ్య నుంచి గాలి వదలాలి. ‘ఒక్కటీ కాదు’లోంచి ‘కాదు’ అన్న మొదటి ముక్క రాలిపోయి, ఒకటి ఉన్న ముక్కే ‘కాదు’ అన్న అర్థం మోస్తోంది! సున్నాకి ‘మిదెన్’, మేదెన్‌కి ఇవాళ్టి ఉచ్చారణ. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు ఒకటికి ఎన, సున్నాకి మిదెన్ అంటారు. ఆ ‘ఎన్’ రెంటిలోనూ ఉంది.

ఈ ‘దెన్’తో డెమోక్రిటస్ ఎప్పుడో ఆడుకున్నాడు. మేదెన్ అంటే శూన్యం కాబట్టి, మొదటి ముక్క కోసేసి మిగిలిన ‘దెన్’కి ‘ఉన్నది’ అని అర్థం పెట్టాడు. ఉన్నదానికి శూన్యం కన్నా ఎక్కువ ఉనికేమీ లేదన్నది పరమాణువాదిగా ఆయన మాట.

ఇవాళ్టి గ్రీసులో కాఫీ అడగాలంటే ఏ రూపం వాడాలి?

నేను పుస్తకాల గ్రీకుతో ఏథెన్సు కాఫీ హోటల్లో కూర్చుని ‘ఎనస్ కఫెస్’ అన్నాను. కుర్రాడు నవ్వాపుకుని ‘ఎనఙ్ గఫె?’ అని సరిదిద్దాడు. కాఫీ పుంలింగం, అది నాకు తెలుసు. కానీ అడిగేది కాఫీ‘ని’ కదా, ద్వితీయ పెట్టాలి: ఎనన్ కఫె. నకారం పక్కన కకారం పడి రెండూ కలిసి ఙ్గ అయిపోతాయి. నా పక్కనావిడ నిమ్మరసం అడిగింది, ‘మియ లెమొనాద’, స్త్రీలింగం. ఇద్దరికీ మంచినీళ్ళు, ‘ఎన నెరొ’, నపుంసకం. ఒకే బల్ల మీద మూడు గ్లాసులు, మూడు ఒకట్లు. వ్యాకరణం పట్టిక కన్నా ఆ బల్లే నాకు బాగా గుర్తుండిపోయింది.

ఎనస్ అన్న రూపం పుట్టిందే ఈ ద్వితీయలోంచి. పాత ద్వితీయ హెనలో హకారం పోయి ఎన అయింది, దానికి పుంలింగపు సకారం తగిలించి కొత్త ప్రథమ చేసుకున్నారు. పాత హేస్ మాత్రం ‘కనీస్’ అన్న మాటలో బతికుంది. ‘ఎవరైనా వచ్చారా?’ అన్నా కనీసే, ‘ఎవరూ రాలేదు’ అన్నా కనీసే.

మియని కొన్నిసార్లు వేరేగా పలుకుతున్నారు, ఎందుకు?

అంకెగా నొక్కి చెబితే రెండక్షరాలు, మీ–య. ‘ఒకానొక’ అన్న అర్థంలో తేలిగ్గా అంటే ఒక్క అక్షరమే, ‘మ్ఞ’. రాతలో మొదటిదానికి ఒత్తుగుర్తు పెడతారు, రెండోదానికి పెట్టరు. అక్షరమాల బోర్డు మీద, ‘జ్ఞ’లో వత్తుగా తప్ప మనం పెద్దగా వాడని ఞ అక్షరానికి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది.

ఒకానొక అన్న అర్థం కొత్తదేమీ కాదు. కొత్త నిబంధనలో మత్తయి 8వ అధ్యాయంలోనే ‘ఒక శాస్త్రి’ అనడానికి హేస్ వాడారు. మన ‘అనగనగా ఒక రాజు’కి బదులు గ్రీకు బామ్మలు కథ మొదలెట్టే తీరు ‘మ్ఞ ఫొరా కి ఎనఙ్ గెరొ’. ఒక మారు, ఒక కాలంలో అని. స్త్రీలింగం ఒకటి, పుంలింగం ఒకటి, కథ మొదలవకముందే రెండూ అయిపోతాయి.

ఇరవై ఒకటి, నూట ఒకటి అన్నప్పుడు కూడా లింగం చూడాలా?

చూడాలి. ఇరవై ఒక్క కుర్చీలంటే కుర్చీ స్త్రీలింగం కాబట్టి ‘ఇకొసి మియ’. వంద విడిగా అయితే ‘ఎకతొ’, వెనక ఇంకో అంకె వస్తే నకారం తిరిగొచ్చి ‘ఎకతొన్ ఎన’. టైము చెప్పేటప్పుడు గంట స్త్రీలింగం, అందుకే ఒంటిగంట ఎప్పుడూ ‘మియ’నే. పదకొండు ‘ఎన్‌దెక’లో మాత్రం ఒకటి గడ్డకట్టుకుపోయింది, కదలదు.

మొదటి అనడానికి హేస్‌లోంచి మాట రాలేదా?

రాలేదు, ‘ప్రోతొస్’ వాడతారు. మనమూ ఒకటవ అనడం తక్కువ, మొదటి అంటాం. గ్రీకులో తేదీలు చెప్పేటప్పుడు నెలలో మొదటి రోజుకి మాత్రమే ప్రోతొస్ స్త్రీలింగ రూపం, రెండో తేదీ నుంచి మామూలు అంకెలే.

ఒకటి హెన్ అయితే, ఇంగ్లిష్‌లో అంతా మోనో అంటారేం?

మోనో ‘మొనొస్’లోంచి వచ్చింది, అంటే ఒంటరి. అంకె కాదు. యూక్లిడ్ 7వ పుస్తకం మొదట్లో ‘మొనాస్’ని నిర్వచించి, అలాంటి మొనాస్‌లు కొన్ని కలిస్తే సంఖ్య అన్నాడు. ఆ లెక్కన ఒకటి సంఖ్యే కాదు, సంఖ్యలకి ఇటుక. శాస్త్రాల్లో ఆ మాటే నిలబడింది. హెన్ వంతుకి కొన్నే వచ్చాయి. ఋగ్వేదంలో ఒక్కోసారి ఒక్కో దేవుణ్ణే అందరికన్నా పైన పెట్టి పొగిడే తీరుకి మాక్స్ ముల్లర్ బాగా వాడిన హీనోథీయిజం ఒకటి. సైప్రస్ గొడవల్లో పేపర్లకెక్కిన ‘ఎనొసిస్’, అంటే విలీనం, ఇంకొకటి. యూరోపియన్ యూనియన్‌ని గ్రీకులు ఇప్పటికీ ‘ఎనొసి’ అనే అంటారు.

మూడోది మీ కీబోర్డు మీదే ఉంది. హైఫన్ అంటే ‘హుపొ’, ‘హెన్’: ఒకటి కిందికి. హుపొలో చివరి అచ్చు జారిపోయి, పకారం పక్కన హెన్‌లోని హకారం పడి ఫకారమైంది. మొదట్లో అది అడ్డగీత కాదు, రెండక్షరాల కింద గీసే చిన్న వంపు, రెంటినీ కలిపి ఒకే మాటగా చదవమని చెప్పడానికి.